మొదటి ఏడాదే తేలిపోతుందట! ఫ్రాంక్లిన్ మీద తిరుగుతున్న ఒక లెక్క

వర్జీనియా టెక్‌లో చదివి అటూ ఇటూ సర్దుకుపోయిన మా తెలుగువాళ్ల మధ్య గత నవంబరు నుంచి ఒక మెసేజ్ తిరుగుతోంది. ఎవరు రాశారో తెలీదు గానీ నాకే నలుగురు పంపారు. అందులో ఉన్నది ఇదీ: "మంచి కోచ్ అయితే మొదటి ఏడాదే తెలిసిపోతుంది. ఇండియానాలో సిగ్నెట్టిని చూడండి, 3-9 జట్టుని ఏడాదిలో 11-2 చేశాడు. ఇప్పుడు ట్రాన్స్‌ఫర్ పోర్టల్ ఉంది, కావలసిన ఆటగాళ్లని తెచ్చుకోవచ్చు, సాకులు చెల్లవు. ఫ్రాంక్లిన్ ఎలాగూ పెద్ద మ్యాచ్‌లు గెలవలేడు. ఈ సీజన్‌లో ఎనిమిది గెలవకపోతే పంపించేసి ఇంకొకరిని చూసుకోవడమే."

తెలియనివాళ్లకి రెండు ముక్కలు. ఇది కాలితో ఆడే ఫుట్‌బాల్ కాదు, కోడిగుడ్డు ఆకారం బంతితో అమెరికా కాలేజీలు ఆడుకునేది. మామూలు సీజన్‌లో 12 మ్యాచ్‌లు, బాగా ఆడిన జట్లకి ఆ పైన ఇంకొన్ని. ట్రాన్స్‌ఫర్ పోర్టల్ అంటే ఆటగాళ్లు ఒక కాలేజీ జట్టు నుంచి ఇంకో కాలేజీ జట్టుకి మారే దారి. సిగ్నెట్టి ఇండియానా యూనివర్సిటీ కోచ్. 3-9 అంటే మూడు గెలుపులు, తొమ్మిది ఓటములు. 2025 సెప్టెంబరులో మా వర్జీనియా టెక్ మొదటి మూడు మ్యాచ్‌లూ ఓడగానే కోచ్ బ్రెంట్ ప్రైని తీసేశారు. సీజన్ ముగిసేసరికి మా లెక్క అదే, 3-9. నవంబరు 17న జేమ్స్ ఫ్రాంక్లిన్‌ని కొత్త కోచ్‌గా తీసుకున్నారు. ఆయన్ని అప్పటికి నెల ముందే పెన్ స్టేట్ వాళ్లు తీసేశారు.

ఇక మెసేజ్ సంగతి. మొదటి ఏడాదే తెలిసిపోతుందన్న మాట దగ్గర నేను ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే ఒకసారి ఆ మాట నమ్మి మోసపోయినవాణ్ని.

నేను ఎం.ఎస్.కి వర్జీనియా టెక్ ఉన్న ఊరు బ్లాక్స్‌బర్గ్ వచ్చింది 2015లో. 29 ఏళ్లు కోచ్‌గా ఉన్న ఫ్రాంక్ బీమర్‌కి అదే ఆఖరి సీజన్. సొంత గ్రౌండ్‌లో ఆయన ఆఖరి మ్యాచ్, నార్త్ కరొలైనాతో, ఓవర్‌టైమ్‌లో 30-27 తేడాతో ఓడిపోయాం. ఆటలో నాకు సగం కూడా అర్థం కాలేదు. కానీ పక్క సీట్లో డెబ్బై ఏళ్ల పెద్దాయన టోపీ తీసి చేతిలో పట్టుకుని, స్టేడియం ఖాళీ అయ్యేదాకా అలాగే నిలబడ్డాడు. ఆ రోజు నుంచి ఈ పిచ్చి నాకూ అంటుకుంది.

మరుసటి ఏడాది జస్టిన్ ఫ్యుయెంటే వచ్చాడు. మొదటి సీజన్‌లోనే 10-4. కాన్ఫరెన్స్ (మా జట్టు ఆడే లీగ్) ఫైనల్‌కి వెళ్లి క్లెమ్సన్‌కి 42-35 దాకా చెమటలు పట్టించాం. బౌల్ మ్యాచ్‌లో, అంటే సీజన్ అయ్యాక మంచి జట్లకి దక్కే అదనపు మ్యాచ్‌లో, ఆర్కన్సా మీద 24-0 వెనకబడి, తిరిగి లేచి 35-24తో గెలిచాం. కాన్ఫరెన్స్‌లో ఆ ఏటి ఉత్తమ కోచ్ కూడా ఆయనే. ఆ చలికాలం మా అపార్ట్‌మెంట్‌లో మాట్లాడుకున్నవి ఇప్పుడు తల్చుకుంటే నవ్వొస్తుంది. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, 2018లో నేషనల్ ఛాంపియన్‌షిప్ మాదేనని తేల్చేసుకున్నాం.

2018 వచ్చింది. 6-7. అందులో ఓల్డ్ డొమినియన్ అనే చిన్న జట్టు చేతిలో 49-35 ఓటమి ఒకటి. 2021 నవంబరులో ఫ్యుయెంటేని సాగనంపారు.

అంటే ఆ 10-4 దేని గురించి చెప్పింది? కొత్త కోచ్ గురించి కాదు, పాత కోచ్ గురించి. ఆ ఏడాది పరుగులు పెట్టిన ఐజయా ఫోర్డ్, బక్కీ హాడ్జెస్ బీమర్ తెచ్చిన పిల్లలు. డిఫెన్స్ నడిపింది బడ్ ఫోస్టర్, 1987 నుంచి అక్కడే ఉన్న మనిషి. ఆ నిల్వలు తిన్నన్నాళ్లు తిన్నాం. అడుగు కనిపించాక అసలు సంగతి తెలిసింది. మయామీలో ల్యారీ కోకర్‌దీ ఇదే కథ. 2001లో మొదటి సీజనే 12-0, ఛాంపియన్. అది బుచ్ డేవిస్ పోగుచేసిన జట్టు. అయిదేళ్ల తర్వాత కోకర్‌ని తీసేశారు.

ఇప్పుడు రెండో వైపు చూడండి. మా లేన్ స్టేడియం బయట విగ్రహం పెట్టారే, ఆ బీమర్ మొదటి సీజన్ 2-9. రెండోది 3-8. పోనీ కొత్తలో తడబడ్డాడు అనుకుందామా అంటే, ఆరో సీజన్, 1992లో, 2-8-1. చివరి ఒకటి డ్రా. ఆరేళ్లకి కలిపి 24 గెలుపులు, 40 ఓటములు, రెండు డ్రాలు. మన మెసేజ్ రాసినాయన అప్పుడు ఉండుంటే ఆ విగ్రహం ఉండేది కాదు. తీసేయలేదు, సహాయ కోచ్‌లలో మార్పులు చేసి నడిపించారు. 1993లో 9-3. అక్కడి నుంచి వరసగా 23 ఏళ్లు బౌల్ మ్యాచ్‌లు, 1999 సీజన్‌లో ఏకంగా టైటిల్ మ్యాచ్. మొదటి ఏడాది అలబామాలో నిక్ సేబన్‌ది కూడా 7-6 అన్నది అందరికీ గుర్తుండాలి. ఆ ఏడాది లూయిజియానా-మన్రో లాంటి చిన్న జట్టు చేతిలో ఓడిన మనిషి అక్కడే ఆరు టైటిళ్లు కొట్టాడు.

ఫ్రాంక్లిన్ సొంత చరిత్రే తీసుకుందాం. పెన్ స్టేట్‌లో మొదటి రెండేళ్లూ 7-6, 7-6. మూడో ఏడాది మొదట్లో 2-2, అందులో మిషిగన్ చేతిలో 49-10 చావుదెబ్బ. అదే ఏడాది ఒహాయో స్టేట్‌ని ఓడించి, చివరికి వాళ్ల కాన్ఫరెన్స్ బిగ్ టెన్‌లో ఛాంపియన్ అయ్యారు. ఎనిమిది గెలుపుల గీత మొదటి ఏడాదే గీసి ఉంటే ఆ 2016 ఉండేదే కాదు.

మరి సిగ్నెట్టి? ఆయన చేసింది అబద్ధమని ఎవరంటారు. 2024లో 11-2, ఆ తర్వాతి ఏడాది 16-0తో ఛాంపియన్‌షిప్. కానీ "ఒక్క ఏడాదిలో" అన్నది తప్పు. ఇండియానాకి వస్తూ తన పాత జట్టు జేమ్స్ మాడిసన్ నుంచి 13 మందిని వెంటబెట్టుకొచ్చాడు. వాళ్లకి ఆయన పద్ధతి తెలుసు, ఆయనకి వాళ్ల సంగతి తెలుసు. అయిదేళ్లు జేమ్స్ మాడిసన్ ఉన్న హారిసన్‌బర్గ్‌లో వండిన వంట ఇండియానాలో వడ్డించాడు. హారిసన్‌బర్గ్ ఎక్కడో లేదు, బ్లాక్స్‌బర్గ్ నుంచి ఐ-81 మీద రెండు గంటల దారి. 2021లో మేము ప్రైని తెచ్చుకున్నప్పుడు సిగ్నెట్టి అక్కడే ఉన్నాడు. ఈ ముక్క రాస్తుంటే కడుపు మండుతోంది, అది వేరే సంగతి.

పోర్టల్ వాదన కూడా సగమే నిజం. పోర్టల్ తలుపు రెండు వైపులా తెరుచుకుంటుంది. నువ్వు తెచ్చుకున్న రోజే నీ దగ్గరున్నవాడిని ఇంకొకడు తీసుకెళ్తాడు. ఫ్లోరిడా స్టేట్ పోర్టల్ ఆటగాళ్లతో 2023లో 13-1 చేసింది, 2024లో 2-10. కొలరాడోలో డియాన్ శాండర్స్ దాదాపు జట్టు మొత్తాన్ని మార్చేశాడు. మొదటి మూడు మ్యాచ్‌లు గెలిచాక దేశమంతా ఊగిపోయింది, ఆ సీజన్ 4-8తో ముగిసింది. తర్వాత 9-4, ఆ తర్వాత 3-9. ఈ మూడింటిలో ఆయన గురించి నిజం చెప్పిన ఏడాది ఏదో మెసేజ్ రాసినాయనే చెప్పాలి.

పైగా ఫ్రాంక్లిన్ తెస్తున్నవాళ్లలో చాలామంది హైస్కూల్ పిల్లలు. పెన్ స్టేట్‌కి మాటిచ్చినవాళ్లు కొందరు డిసెంబరులో ఇటు సంతకం పెట్టారు. చూసి నేనూ ఎగిరి గంతేశాను. అయితే లైన్‌లో, అంటే ముందు వరసలో ఎదుటివాళ్లని నెడుతూ, ఆడే కుర్రాడు పద్దెనిమిదేళ్లకి వస్తాడు, ఒళ్లు చేసి, బలం పట్టి, ఇరవై రెండేళ్ల మొనగాడిని నెట్టగలిగేసరికి రెండు మూడేళ్లు పడుతుంది. ఆ సంతకాల ఫలితం ఈ సెప్టెంబరులో ఎక్కడ కనిపిస్తుంది?

పెద్ద మ్యాచ్‌లు గెలవలేడన్న మాట... ఇది నిజమే. పెన్ స్టేట్‌లో మొదటి పది ర్యాంకుల జట్ల మీద ఆయన లెక్క 4-21. దాన్ని ఎలా తిప్పి చెప్పినా అందంగా ఉండదు. కానీ మా రోగం అది కాదు కదా! 2025లో మమ్మల్ని ముంచింది పెద్ద జట్లా? వాండర్‌బిల్ట్ మ్యాచ్ నేను స్టేడియంలో ఉండి చూశాను. హాఫ్‌టైమ్‌కి మాదే 20-10 ఆధిక్యం. మా వెజిటేరియన్ ఫ్రెండ్ ఒకడు, అక్కడి ఫేమస్ టర్కీ కాలు పక్కవాడు పీక్కుతింటుంటే ముఖం తిప్పుకుని, ఇంటి నుంచి తెచ్చుకున్న పులిహోర డబ్బా తీశాడు. అది ఖాళీ అయ్యేలోపు మ్యాచ్ చేజారింది. రెండో సగంలో 34-0. మొత్తం 44-20. మా లైన్ కుర్రాళ్లు నడుం మీద చేతులు వేసుకుని రొప్పుతున్నారు. తర్వాతి వారం ఓల్డ్ డొమినియన్ 45-26. ఇలాంటి మ్యాచ్‌లు గెలవడంలో ఫ్రాంక్లిన్‌కి పేరుంది. 2009లో, 2010లో 2-10గా ఉన్న ఆ వాండర్‌బిల్ట్‌నే ఆయన 2012, 2013ల్లో 9-4 దాకా తీసుకెళ్లాడు.

నా భయం వేరే చోట ఉంది. పెన్ స్టేట్‌లో ఆయన చివరి వారాల్లో ఓడింది ఒరిగాన్‌కి మాత్రమే కాదు, అప్పటిదాకా ఒక్కటీ గెలవని యు.సి.ఎల్.ఎ.కి, ఆ తర్వాత సొంత గ్రౌండ్‌లో నార్త్‌వెస్టర్న్‌కి. తన బలం అనుకున్నదే చేజారింది. ఆ దెబ్బ నుంచి నెలలో తేరుకుని కొత్త ఉద్యోగంలో దిగాడు. ఇంకోటి, మేము సెప్టెంబరులో తీసేసిన ప్రైనే డిఫెన్స్ కోఆర్డినేటర్‌గా వెనక్కి తెచ్చుకున్నాడు. ఇద్దరికీ పాత స్నేహం, ఆ పని ప్రైకి బాగా వచ్చు కూడా. అయినా వాకిట్లోంచి పంపిన మనిషి పెరటి గుమ్మం గుండా వచ్చినట్టుంది. టెన్షన్ పడాలంటే వీటికి పడండి, అర్థముంది.

చివరిది, పంపించేసి ఇంకొకరిని తెచ్చుకోవడం. 2003లో నెబ్రాస్కా 9-3లో ఉన్న ఫ్రాంక్ సోలిచ్‌ని పంపించింది. 2014లో తొమ్మిది గెలిచిన బో పెలీనీని పంపించింది. ఆ తర్వాత 2017 నుంచి 2023 దాకా వరసగా ఏడు సీజన్లు గెలుపుల కంటే ఓటములే ఎక్కువ. టెక్సస్ ఎ అండ్ ఎం 2023లో జింబో ఫిషర్‌ని తీసేస్తే ఊరికే ఇవ్వాల్సివచ్చింది 7 కోట్ల 50 లక్షల డాలర్లకి పైనే. కోచ్ మారగానే ఆటగాళ్లకీ వెళ్లిపోయే వెసులుబాటు వస్తుంది. మళ్లీ మొదటికే.

ఇదంతా మెసేజ్ పంపిన నలుగురిలో ఒక సీనియర్ అన్నకి ఫోన్ చేసి చెప్పాను. ఓపిగ్గా విని, "సరే గానీ, నీ లెక్కన ఎన్ని గెలుస్తాం?" అన్నాడు.

"ఆరు అన్నా."

"ఆరింటి కోసం యాష్‌బర్న్ నుంచి నాలుగున్నర గంటలు డ్రైవ్ చేస్తావా?"

"పోయినేడు మూడింటికి చేశాను కదన్నా."

అటునుంచి కాసేపు మాట లేదు. తర్వాత, సీజన్ టికెట్లు పక్కపక్కన దొరుకుతాయేమో చూడమన్నాడు, ఎండ మొహం మీద పడని వైపు.