సాక్ష్యంలో మాత్ర ఊసు ఎందుకుండదు?

ఆదివారం ఆరాధనలో సాక్ష్యాల సమయం వచ్చిందంటే గుంటూరు, విజయవాడ సంఘాల్లో ఎవరో ఒకరు లేచి తమ జబ్బు నయమైన సంగతి చెబుతారు. గుండెకు స్టెంటు వేయించుకున్నవారు, కీమో పూర్తయినవారు, ఆరు నెలలు టీబీ మందులు మింగి బయటపడ్డవారు. అందరూ దేవునికి కృతజ్ఞతలు చెల్లిస్తారు. చెల్లించాల్సిందే. నేనూ ఆ బెంచీల మీద కూర్చుని పెరిగినవాణ్ణే, ఆ కన్నీళ్లు ఎంత నిజమో నాకు తెలుసు. కానీ చెబుతూ చెబుతూ ఉండగానే కథలోంచి ఆస్పత్రి జారిపోతుంది. వేళకు మింగిన మాత్రలు, రాత్రంతా మంచం పక్కన కూర్చున్న చెల్లెలు, నిద్రపట్టక పడ్డ భయం, ఇవేవీ వినిపించవు. “డాక్టర్లు చేతులెత్తేశారు, ప్రభువు ముట్టాడు” అనే మాటలోకి ఏడాది చికిత్స అంతా ఇమిడిపోతుంది.

వింటున్నవాళ్లలో రోజూ బీపీ మాత్ర వేసుకునే పెద్దావిడ ఉంటుంది. మూర్ఛకు మందు వాడుతున్న కుర్రాడు ఉంటాడు. తమ విశ్వాసం ఆ సాక్ష్యం చెప్పినవారి విశ్వాసమంత లేదేమోనని వాళ్లు లోలోపల కుమిలిపోతారు. ఆ దిగులులో ముందు ఆగిపోయేది మాత్రే. మూర్ఛ మందు ఉన్నట్టుండి ఆపేస్తే ఫిట్స్ ఒకదాని వెంట ఒకటి వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. సాక్ష్యం చెప్పినవారు మందు మానేయమని ఎవరికీ చెప్పలేదు. చెప్పకుండా వదిలేసిన సంగతే ఆ పని చేసింది. అందుకే స్వస్థత పొందినవారు తమ సాక్ష్యంలో మందునూ, మనసు పడ్డ యాతననూ కలిపి చెప్పాలని నేను గట్టిగా కోరుతున్నాను. శరీరం, మనసు, విశ్వాసం ఒకే మనిషివని సంఘానికి తెలిసేది ప్రసంగంలో కంటే అక్కడే.

విశ్వాసమూ వైద్యమూ కలిసి నడవడం మన ప్రాంతానికి కొత్త సంగతేమీ కాదు. 1842లో గుంటూరు వచ్చిన లూథరన్ మిషనరీ హేయర్ కొన్నేళ్లకు అమెరికా తిరిగి వెళ్లి, యాభై దాటిన వయసులో వైద్యం చదివి, పట్టా పుచ్చుకుని మళ్లీ ఇక్కడికే వచ్చారు. 1883లో వచ్చిన అన్నా సారా కుగ్లర్ వైద్య పట్టా ఉన్న మనిషి. అయినా మిషన్ ఆమెను మొదట డాక్టరుగా పంపలేదు, స్త్రీల మధ్య బోధన పనికి పంపింది. మగ డాక్టరు నాడి పట్టుకోవడానికి ఒప్పుకోని ఇళ్లు ఇక్కడ ఎన్ని ఉన్నాయో చూశాక ఆమె చేతులు కట్టుకుని కూర్చోలేకపోయారు. 1886లో చిన్న డిస్పెన్సరీ తెరిచారు, 1898కి ఆస్పత్రి నిలబెట్టారు. 1930లో కన్నుమూసేదాకా ఆమె జీవితం గుంటూరుదే. ఆ ఆస్పత్రి నేటికీ ఆమె పేరుతోనే ఉంది. ఇండియాకు రాకముందు ఆమె పెన్సిల్వేనియాలోని నారిస్‌టౌన్ మానసిక వైద్యశాలలో స్త్రీల విభాగంలో పనిచేశారు. మన సంఘాలు ఆమె చేసిన కాన్పులనూ ఆపరేషన్లనూ గుర్తు చేసుకుంటాయిగానీ, మనసు చెదిరిన స్త్రీల మధ్య ఆమె గడిపిన కాలాన్ని గుర్తు చేసుకోవు. మనం ఎక్కడ మౌనంగా ఉండిపోయామో దీన్నిబట్టే అర్థమవుతుంది.

ప్రార్థన శరీరం మీద ఏ ప్రభావమూ చూపదని నేను అనడం లేదు. ఏటా ఫిబ్రవరి 9 నుంచి 11 దాకా విజయవాడలో మరియమాత గుడి ఉన్న గుణదల కొండకు లక్షల మంది వస్తారు. 11న లూర్దు మాత పండుగ. 1992లో పోప్ రెండో జాన్ పాల్ అదే తేదీని ప్రపంచ రోగుల దినంగా ప్రకటించారు. చేతిలో జపమాలతో మెట్లెక్కే ఆ జనాన్ని చూసినప్పుడల్లా నాకు 2001లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన ఒక అధ్యయనం గుర్తొస్తుంది. జపమాల ప్రార్థనను లాటిన్‌లో వల్లించేవారి శ్వాస నిమిషానికి సుమారు ఆరుసార్లకు నెమ్మదించిందని, రక్తపోటును సర్దుకునే గుండె స్పందన మెరుగుపడిందని ఇటలీ పరిశోధకులు చూపించారు. యోగ మంత్రాలు చదివినప్పుడు కూడా అదే ఫలితం కనిపించింది. ఇందులో విశ్వాసి నొచ్చుకోవాల్సిందేమీ నాకు కనబడదు. నెమ్మదిగా ఊపిరి తీస్తే కుదుటపడే శరీరాన్ని దేవుడు ఒక్క క్రైస్తవులకే ఇవ్వలేదు కదా.

మన సభల్లో ఎవరూ ఎత్తని మరో అధ్యయనం 2006లో అమెరికాలో వెలువడింది. గుండె బైపాస్ చేయించుకున్న 1,802 మందిని మూడు గుంపులు చేసి, రెండు గుంపుల కోసం ముఖపరిచయం లేనివారి చేత ప్రార్థన చేయించారు. తమకోసం ప్రార్థన జరుగుతోందో లేదో తెలియని రెండు గుంపుల మధ్య తేడా కనిపించలేదు. జరుగుతోందని ఖాయంగా తెలిసినవారిలో ఇబ్బందులు కాస్త ఎక్కువే వచ్చాయి. దీన్ని దాచిపెట్టడం విశ్వాసులకు తగదు. చదివాక నేను బైబిల్లోని యాకోబు పత్రిక అయిదో అధ్యాయం మళ్లీ తెరిచాను. అక్కడున్న ప్రార్థన దూరం నుంచి పంపేది కాదు. రోగి సంఘపు పెద్దలను పిలిపించుకోవాలి, వాళ్లు వచ్చి నూనె రాసి ప్రార్థించాలి, ఒకరి పాపాలు ఒకరితో ఒప్పుకోవాలి. అంటే మనిషి ఇంటికి రావాలి, చెయ్యి తగలాలి, గుండెలో దాచుకున్నది నోటితో బయటపడాలి. దేహాన్నీ మనసునూ వదిలేసి ఆత్మ ఒక్కదాన్నే పట్టుకునే స్వస్థత ఆ వాక్యంలో లేదు.

మనసు జబ్బుల దగ్గరే మన సంఘాలు ఎక్కువగా తడబడుతున్నాయి. 2015–16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం పెద్దవారిలో 10.6 శాతం మంది ఏదో ఒక మానసిక రుగ్మతతో ఉన్నారు. జబ్బును బట్టి వారిలో 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందడం లేదు. రెండు వందల మంది కూర్చునే చర్చిలో ఇరవై మంది అనుకోండి. వాళ్లు వేరే మాటలు చెప్పుకుంటూ పాస్టరు గారి దగ్గరికి వస్తారు. “నెమ్మది లేదయ్యగారూ”, “గుండె దడ”, “తల నరాలు లాగేస్తున్నాయి”, “ఒళ్లంతా మంటలు”. స్కానింగులు, రక్తపరీక్షలు అన్నీ బాగానే ఉంటాయి. బాధ మాత్రం కల్పితం కాదు. దిగులు, ఆందోళన నెలల తరబడి సాగితే నిద్ర చెడుతుంది, ఆకలి పోతుంది, కండరాలు బిగుసుకుంటాయి, షుగరూ బీపీ అదుపు తప్పుతాయి. ఆ మనిషికి మనం ఏం చెబుతున్నాం? విశ్వాసం చాలలేదంటాం. ఇంట్లో ఏదో పాపం ఉందంటాం. లేదా ఏదో పట్టిందంటాం.

బాలింత విషయమే తీసుకోండి. పుట్టింట్లో పసిబిడ్డ పక్కన పడుకుని, బిడ్డ నిద్రపోయినా తాను నిద్రపోలేక, కారణం లేకుండా ఏడుస్తూ, బిడ్డను ఎత్తుకోవాలంటేనే భయపడే తల్లులు మన వీధుల్లోనే ఉన్నారు. కాన్పు తర్వాత వచ్చే డిప్రెషన్ తెలిసిన జబ్బే, నయమయ్యే జబ్బే. తీవ్రమైతే తల్లికీ బిడ్డకూ ప్రమాదం. “దేవుడు బంగారం లాంటి బిడ్డనిచ్చాడు, ఏడుపెందుకమ్మా, స్తుతించు” అని చుట్టూ ఉన్నవాళ్లు అంటుంటే ఆమె నోరు మూతపడిపోతుంది. ఆ మాట ప్రేమతోనే అంటారని నాకు తెలుసు. అయినా అది ఆమెకు జబ్బుతోపాటు అపరాధ భావాన్నీ అంటగడుతుంది.

బైబిలు ఇంత తొందరపడదు. చచ్చిపోతే బాగుండునని బదరీవృక్షం కింద పడిపోయిన ఏలీయా ప్రవక్తను దేవదూత గద్దించలేదు. లేపి రొట్టె పెట్టి, నీళ్లిచ్చి, మళ్లీ పడుకోనిచ్చింది. దేవుని స్వరం ఆ తర్వాత, చాలా రోజుల ప్రయాణం తర్వాత వినిపించింది. పుట్టుగుడ్డివాణ్ణి చూసి ఎవరు పాపం చేశారని శిష్యులు అడిగితే, వీడూ కాదు, వీడి కన్నవారూ కాదన్నాడు యేసు. అపొస్తలుడైన పౌలు మూడుసార్లు వేడుకున్నా, తన శరీరంలోని ముల్లు అని ఆయన చెప్పుకున్న బాధ తొలగిపోలేదు. ఆయన విశ్వాసం చాలలేదని ప్రసంగ వేదిక ఎక్కి అనగలవారు ఎవరైనా ఉన్నారా?

ఉపవాసం గురించి ఒక మాట. ఈస్టరుకు ముందు వచ్చే శ్రమకాలం నలభై రోజులూ, శుక్రవారపు ఉపవాస కూటాల్లోనూ ఇన్సులిన్ తీసుకునేవాళ్లు, కొన్ని రకాల షుగర్ మాత్రలు వేసుకునేవాళ్లు ఏమీ తినకుండా కూర్చుంటున్నారు. మందు పడి, తిండి పడకపోతే షుగర్ ఒక్కసారిగా దిగిపోతుంది. చెమటలు, వణుకు, తడబడే మాట, చివరికి స్పృహ తప్పడం. దాన్ని ఆత్మ ఆవేశమని పొరబడితే మనిషి దక్కకపోవచ్చు. కూటం మొదలుపెట్టేముందే పాస్టరు గారు అడగాలి, డాక్టరు వద్దన్నవారు భోజనం చేసి రావాలని నోరు తెరిచి చెప్పాలి. అలా చెబితే ఏ ఉపవాసమూ చిన్నబోదు.

మరి మనసు బాగోలేని మనిషి సంఘంలో ఎందుకు చెప్పుకోడు? ప్రార్థన విన్నపాల చీటీలను మనం ఏం చేస్తున్నామో చూడండి. “మా అబ్బాయికి మనసు బాగుండటం లేదు” అని తల్లి రాసిచ్చిన చీటీ మైకులో చదివేస్తాం. సాయంత్రానికి వీధంతా తెలిసిపోతుంది. పెళ్లి సంబంధం వెనక్కి పోతుంది. ఇంకోసారి ఆ ఇంటినుంచి ఏ చీటీ రాదు. ఆ చీటీ పాస్టరు గారి దగ్గరా, ఆయన భార్య అమ్మగారి దగ్గరా ఆగిపోవాలి. వాళ్లలో ఒకరు ఇంటికి వెళ్లాలి, ప్రార్థన చేయాలి, గుంటూరు పెద్దాసుపత్రిలో సైకియాట్రీ ఓపీకి తోడు రావాలి, ఓపీ చీటీ రాయించే వరుసలో పక్కన నిలబడాలి. బయటికి వెళ్లలేనివారికి ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలీ మానస్ 14416 నంబరు ఉంది. ఉచితం, తెలుగులో మాట్లాడతారు. ఇవన్నీ డబ్బుతో పనిలేనివి. స్త్రీల సమాజం, యవనస్తుల కూటం రేపే మొదలుపెట్టగలవి.

ఏదో ఒక ఆదివారం, తనంతట తాను చెప్పాలనుకున్న మనిషి ముందుకొచ్చి, తనకు డిప్రెషన్ వచ్చిందని, డాక్టరిచ్చిన మాత్రలు ఇంకా వాడుతున్నానని, కౌన్సెలింగుకు వెళ్తున్నానని, ప్రార్థన చేయలేకపోయిన రాత్రుల్లో తన బదులు సంఘం ప్రార్థించిందని చెప్పాలి. ఆ సాక్ష్యం ముగిశాక మిగతా సాక్ష్యాలకు చెప్పినంత గట్టిగానే సంఘమంతా ఆమెన్ చెప్పాలి.