దాతను అడగాల్సింది కన్సల్టెంట్ కాదు

స్వచ్ఛంద సంస్థలు నిధుల సేకరణలో సలహాలిచ్చే కన్సల్టెంట్‌ను పిలిచినప్పుడు మొదట వినిపించే మాట దాదాపు ఎప్పుడూ ఒక్కటే. "పని బాగానే నడుస్తోంది, డబ్బుకే కటకట. మీకు పెద్ద దాతలతో పరిచయాలు ఉంటాయి కదా!" దీనికి "ఉన్నాయి, మేం చూసుకుంటాం" అని జవాబిచ్చేవారిని అక్కడితోనే సాగనంపడం మంచిది. ఒక సంస్థలో పనిచేస్తూ తెలుసుకున్న దాతల పేర్లను మరో సంస్థకు మోసుకొచ్చే మనిషి, రేపు మీ జాబితానూ అలాగే మోసుకుపోతాడు. పైగా పెద్ద విరాళం ఇచ్చేవాళ్లు సంస్థను నడిపేవాళ్లను నమ్మి ఇస్తారు తప్ప మధ్యవర్తి మొహం చూసి ఇవ్వరు.

ఈ వృత్తి మొదలైనప్పటి నుంచీ తీరు ఇదే. 1905లో అమెరికా రాజధాని వాషింగ్టన్‌లో వైఎంసీఏ (క్రైస్తవ యువజన సంఘం) భవనం కోసం చందాల ఉద్యమం నడిపిన చార్లెస్ సమ్నర్ వార్డ్, లైమన్ పియర్స్‌లను దీనికి ఆద్యులుగా చెప్పుకుంటారు. గడువు పెట్టి వసూలు చేయడం, పోగైన సొమ్మును జనానికి కనిపించేలా గడియారం ముల్లుతో చూపించడం వాళ్లు వాడిన పద్ధతులే. కానీ ఇంటింటికీ, ఆఫీసు ఆఫీసుకీ వెళ్లి అడిగింది స్థానిక కార్యకర్తల బృందాలు. వీళ్లిద్దరూ చేసింది ఎవరు, ఎవరిని, ఎంత అడగాలో తేల్చిపెట్టడం. నేటికీ మంచి కన్సల్టెంట్ అమ్మేది ఆ పనినే.

ఒప్పందం కుదిరిన మొదటి రెండు మూడు వారాలు కాగితాలు చూడటంతోనే సరిపోతాయి. మూడేళ్ల దాతల జాబితా, ఆడిట్ అయిన లెక్కలు, బోర్డు సమావేశాల మినిట్స్ (చర్చలు, తీర్మానాలు రాసిపెట్టిన కాగితాలు) అడుగుతారు. మినిట్స్ చదివితే సగం జబ్బు బయటపడుతుంది. రెండు గంటల సమావేశంలో గంటా నలభై నిమిషాలు నివేదికలు వినడానికే పోతాయి. నిధుల సంగతి అజెండాలో చివరి అంశం, అప్పటికి ఇద్దరు లేచి వెళ్లిపోయి ఉంటారు. దాతల జాబితా సంగతి చెప్పనక్కర్లేదు. మూడు స్ప్రెడ్‌షీట్లు, ఒకే మనిషి పేరు రెండు రకాల స్పెల్లింగులతో. ఆయనకు విరాళం అడుగుతూ రెండు ఉత్తరాలు వెళ్లి ఉంటాయి, ధన్యవాదాల ఉత్తరం ఒక్కటీ వెళ్లి ఉండదు.

ఇక్కడే ఒక చిన్న లెక్క చేసి బోర్డు ముందు పెట్టాలి. ఈ ఏడాది 1000 మంది ఇచ్చారనుకుందాం. వాళ్లలో మరుసటి ఏడాది మళ్లీ ఇచ్చేవాళ్లు 45 శాతం అయితే, అదే నిష్పత్తి కొనసాగితే, మూడేళ్ల తర్వాత మిగిలేది 91 మంది. అదే 60 శాతం అయితే 216 మంది. కొత్త దాతల వేటకు పైసా ఖర్చు పెట్టకుండానే రెట్టింపు దాటింది. అయినా చాలా సంస్థలు కన్సల్టెంట్‌ను పిలిచేది కొత్తవాళ్లను పట్టుకురమ్మనే! చిల్లు పూడ్చకుండా కుండలో నీళ్లు పోయడం అంటే ఇదే. తొలిసారి ఇచ్చినవాళ్లు మళ్లీ ఇవ్వడం మరీ తక్కువ. విరాళం అందిన 48 గంటల్లో ఒక ఫోన్, మూడు నెలల్లోపు ఆ డబ్బుతో ఏం జరిగిందో చెప్పే ఒక పేజీ, ఈ రెండూ క్రమం తప్పకుండా చేయించగలిగితే కన్సల్టెంట్ ఫీజు దాదాపు గిట్టుబాటైనట్టే.

భవనానికో, అసలు కదపకుండా రాబడి మాత్రమే వాడుకునే మూలనిధికో పెద్ద మొత్తం సేకరించాలంటే లెక్క వేరు. లక్ష్యాన్ని 100 భాగాలు అనుకోండి. "100 మంది తలా ఒక భాగం ఇస్తే చాలు కదా" అని బోర్డులో ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. అలా ఎప్పుడూ జరగదు. ఇవ్వగలిగినవాడికి ఆ ఒక్క భాగం లెక్కే కాదు, ఇవ్వలేనివాడికి అది కొండంత. అందుకే విరాళాల పట్టిక వేస్తారు. 20 భాగాలు ఇచ్చే దాత ఒకరు, పదేసి ఇచ్చేవాళ్లు ఇద్దరు, అయిదేసి ఇచ్చేవాళ్లు నలుగురు, రెండున్నరేసి ఇచ్చేవాళ్లు ఎనిమిది మంది. మొత్తం 15 మందితో 80 భాగాలు. మిగిలిన 20 భాగాలే వందల మంది చిన్న దాతల నుంచి రావాలి. అడిగిన ప్రతి ఒక్కరూ ఇవ్వరు కాబట్టి ఒక్కో విరాళానికి కనీసం మూడు నాలుగు పేర్లు చేతిలో ఉండాలి. అంటే 45 నుంచి 60 పేర్లు. బోర్డును కూర్చోబెట్టి రాయమంటే తొమ్మిదో పదో వస్తాయి, వాటిలో సగం ఎవరికీ ముఖపరిచయం కూడా లేని కోటీశ్వరులవి. సంస్థ చేయాల్సింది ఇప్పుడే సొమ్ము అడగడం కాదు, దానికి కావాల్సింది మరో ఏడాది పరిచయాలు పెంచుకునే ఓపిక అని ఆ క్షణంలో తేలిపోతుంది.

ఆ పట్టిక పట్టుకునే సాధ్యాసాధ్యాల అధ్యయనం చేస్తారు. దాతలు కాగలవారిని, ఇప్పటికే దాతలైనవారిని ముప్పై నలభై మందిని విడివిడిగా కలిసి, గంటసేపు మాట్లాడి, సంస్థ మీద వాళ్లకున్న అభిప్రాయం రాబడతారు. ఈ లక్ష్యం సబబేనా, డైరెక్టర్ మీద నమ్మకం ఉందా, ఈ పట్టికలో మీరు ఎక్కడ ఉండొచ్చు అన్నవి అసలు ప్రశ్నలు. ఈ సంభాషణలు బయటి మనిషే చేయాలి, ఎందుకంటే డైరెక్టర్ గురించి డైరెక్టర్ మొహం మీద ఎవరూ చెప్పరు. ఎవరు ఏమన్నారో నివేదికలో రాకూడదు. చైర్మన్ పక్కకు పిలిచి అడిగినా చెప్పకూడదు. ఒక్క పేరు బయటికి పొక్కినా ఆ తర్వాత ఎవరూ నిజం మాట్లాడరు.

ఈ అధ్యయనంలో ఒక మెలిక ఉంది. ఆ తర్వాత చందాల ఉద్యమాన్ని నడిపే కాంట్రాక్టు కూడా అదే కన్సల్టెంట్‌కు దక్కేలా ఉంటే, "ఇప్పుడొద్దు" అని నివేదిక రాయడానికి చెయ్యి రాదు. "సాధ్యమే, కొంచెం సిద్ధపడాలి" అనే నివేదికలు అంత ఎక్కువగా ఎందుకు వస్తాయో ఊహించుకోవచ్చు. రెండు పనులకూ వేర్వేరు ఒప్పందాలు పెట్టుకోవడం, రెండోది ఎవరికివ్వాలో నివేదిక చేతికొచ్చాకే తేల్చుకోవడం ఉత్తమం.

అడిగే రోజు ఎక్కడ చెడుతుందో చూడాలి. దాత దగ్గరికి ఇద్దరు వెళ్లాలి. ఒకరు డైరెక్టర్, మరొకరు ఇప్పటికే తన వంతు ఇచ్చేసిన బోర్డు సభ్యుడు. "మీకు తోచినంత" అన్నారంటే పని పాడైనట్టే, దాతకు తోచేది ఎప్పుడూ తక్కువే. అంకె చెప్పి అడగాలి. "లక్ష్యంలో ఇరవయ్యో వంతు మీరు భరించే విషయం ఆలోచిస్తారా?" అని అడిగి నోరు మూసుకోవాలి. అక్కడ నాలుగైదు క్షణాల నిశ్శబ్దం ఉంటుంది. దాత మనసులో లెక్క వేసుకుంటూ ఉంటాడు. డైరెక్టర్‌కు ఆ నిశ్శబ్దం భరించడం చేతకాదు. "అంత కాకపోయినా, అందులో సగమైనా..." అని తనే నీళ్లు నములుతాడు. ఎదుటివాడు బేరం ఆడకముందే సగం వదిలేసినట్టు! అందుకే వెళ్లేముందు కన్సల్టెంట్ తనే దాతగా కూర్చుని కనీసం మూడుసార్లు ఈ సన్నివేశం ఆడించాలి. అసలు సమావేశానికి మాత్రం తను వెళ్లకూడదు.

బోర్డులో అందరూ అడగగలిగేవాళ్లు ఉండరు, ఉండాల్సిన పనీ లేదు. పరిచయం చేయించేవాళ్లు ఒకరు, ధన్యవాదాల ఫోన్లు చేసేవాళ్లు ఇంకొకరు. ఇవ్వడం మాత్రం అందరూ ఇవ్వాలి, ఎవరి స్తోమతకు తగ్గట్టు వాళ్లు. "మీ బోర్డులో ఎంతమంది ఇచ్చారు?" అని పెద్ద దాతలు సూటిగా అడుగుతారు. పన్నెండు మందిలో ఏడుగురు అనే జవాబుకు వివరణ ఉండదు. "మేం సలహాలివ్వడానికి వచ్చాం, చందాలివ్వడానికి కాదు" అని అలిగే సభ్యులకు ఈ సంగతి చెప్పాల్సింది చైర్మన్. ఆ పనీ కన్సల్టెంట్ మీదికి నెడుతున్నారంటే చైర్మన్ ఆ కుర్చీలో ఉన్నాడే గానీ పని చేయడం లేదన్నమాట.

రెండు రోజుల వర్క్‌షాపులు, అరవై పేజీల వ్యూహపత్రాల గురించి ఎక్కువ చెప్పుకోనక్కర్లేదు. ఎవరు, ఏ తేదీకి, ఏం చేయాలో ఒక పేజీలో పట్టకపోతే మిగతా 59 బీరువాకే.

నిజంగా బయటి సాయం కావాల్సింది వ్యవస్థాపకులు తప్పుకునేటప్పుడు. ఇరవై ఏళ్లు నడిపిన మనిషి వెళ్లిపోతుంటే దాతలంతా ఆయన ఫోన్‌లో, ఆయన జ్ఞాపకంలో ఉంటారు. కొత్త డైరెక్టర్‌ను వెతకడానికి నెలలు పడుతుంది. అప్పటిదాకా తాత్కాలిక డైరెక్టర్ ఉంటే ఆ వ్యక్తి శాశ్వత పదవికి పోటీపడకూడదు. లేకపోతే చేదు నిర్ణయాలన్నీ వాయిదా పడతాయి. మొదటి ఇరవై మంది దాతల దగ్గరికి పాత, కొత్త డైరెక్టర్లు కలిసి వెళ్లాలి. ఆ తర్వాత పాతాయన బోర్డులో కూడా ఉండకపోవడమే మేలు. ఉన్నారంటే సిబ్బంది ప్రతి ఫిర్యాదూ ఆయన దగ్గరికే మోస్తారు, కొత్తవారికి పేరే తప్ప పెత్తనం ఉండదు.

ఇక ఫీజు. "వచ్చినదాంట్లో పదో వంతు ఇవ్వండి, రాకపోతే ఏమీ వద్దు" అనే మాట చేతిలో డబ్బులేని సంస్థకు అమృతంలా వినిపిస్తుంది. నిధుల సేకరణే వృత్తిగా ఉన్నవాళ్లకు అమెరికాలో 1960లో ఏర్పడిన సంఘం, అసోసియేషన్ ఆఫ్ ఫండ్‌రైజింగ్ ప్రొఫెషనల్స్ నియమావళి తన సభ్యులకు ఈ పద్ధతిని నిషేధించింది. కారణాలు గట్టివే. కమీషన్ మీద బతికేవాడు రెండేళ్లు ఆగితే పెద్ద విరాళం ఇచ్చే దాతను ఈ నెలలోనే చిన్న మొత్తానికి అడిగేస్తాడు. బోర్డు సభ్యుడి స్నేహం వల్ల వచ్చిన డబ్బులోనూ వాటా అడుగుతాడు. అన్నిటికంటే ముఖ్యంగా, తానిచ్చినదాంట్లో పదో వంతు మధ్యవర్తికి పోయిందని తెలిసిన దాత మళ్లీ ఇవ్వడు. ఫీజు రోజుల లెక్కనో, దశలవారీగానో ముందే ఖరారు కావాలి.

ఒప్పందంలో ఇంకొన్ని వాక్యాలు తప్పనిసరి. పని చేయబోయేది ఎవరో పేరుతో సహా ఉండాలి, ఎందుకంటే ప్రెజెంటేషన్‌కు సీనియర్ వస్తాడు, సోమవారం నుంచి వేరే కుర్రాడు వస్తాడు. దాతల చెక్కులు, ఆన్‌లైన్ చెల్లింపులు నేరుగా సంస్థ ఖాతాకే వెళ్లాలి. ముప్పై రోజుల నోటీసుతో ఎవరైనా తప్పుకోవచ్చు. దాతల వివరాలు సంస్థవే, వాటిని మరెక్కడా వాడకూడదు. కన్సల్టెంట్ వెళ్లే రోజున ఆఫీసులో మిగలాల్సినవి కూడా అందులోనే రాసుకోవాలి. మార్చడానికి వీలున్న ఫైళ్లుగా దాతల జాబితా, ఎవరిని ఎవరు ఎప్పుడు కలిశారో చెప్పే నోట్సు, రాబోయే ఆరు నెలల క్యాలెండర్, డేటాబేస్ పాస్‌వర్డు.