ల్యూమినాసిటీ గారికి ఓ బాధితుడి విన్నపం

గౌరవనీయులైన ల్యూమినాసిటీ గారికి,

నమస్కారాలు. కణాల యంత్రంలో ఢీలు ఎంత జోరుగా జరుగుతాయో చెప్పే కొలత తమరు; నా డేటా అంతా తమ చలవే. ఏడాదిగా తమరు దయతో ప్రసాదించిన కొత్త డేటాని ఈ మధ్యాహ్నమే పాతదానికి కలిపాను. మొత్తం ఒకటిన్నర రెట్లయింది. ప్రోగ్రామ్ మూడు గంటలు నడిచింది. నా ఎర్రర్ బార్ (ఫలితంలో అనిశ్చితిని చూపే గీత) ఎంత తగ్గిందో తెలుసా? 18 శాతం. స్క్రీన్ మీద స్కేలు పెట్టి కొలిస్తేగానీ తెలియలేదు.

మీ పేరు గురించి ఇప్పుడు గొడవ పెట్టుకోను. పేరులో వెలుగు, పని భూమి కింద సొరంగంలో! మీ కొలమానంలో బార్న్ ఉంది, కేంద్రకాల వైశాల్యం కొలిచే యూనిట్; ఆ మాటకి అర్థం ధాన్యపు కొట్టం. యురేనియం కేంద్రకం కొట్టమంత ఉందని 1942లో ఎవరో జోకేశారు. ఆ జోకుని తలకిందులు చేసి, ఇన్వర్స్ ఫెమ్టోబార్న్ అని పేరు పెట్టి పోగైన డేటాని, దాంతోపాటు మా జీవితాల్ని కొలుస్తున్నారు. పోనివ్వండి.

నాకు మింగుడుపడనిది ఆ వర్గమూలం. ఎర్రర్ తగ్గేది డేటాకి తగ్గట్టు కాదు, దాని వర్గమూలానికి తగ్గట్టు.

ప్రోటాన్లని ఢీకొట్టించే భారీ యంత్రం ఎల్‌హెచ్‌సీలో ఒక్క ఇన్వర్స్ ఫెమ్టోబార్న్ పోగవ్వాలంటే ప్రోటాన్లు దాదాపు 80 లక్షల కోట్లసార్లు ఢీకొనాలి. అందులో మేం వెతికే హిగ్స్ బోసాన్ కణాలు ఓ 50 వేలు. వాటిలో రెండు ఫోటాన్లుగా (కాంతి కణాలుగా) విడిపోయేవి వంద చిల్లర. వాటిలోనూ కొన్ని డిటెక్టర్ చేతికి చిక్కవు. సరే, ఓపిక పట్టాం. కానీ ఎర్రర్ సగమవ్వాలంటే డేటా రెట్టింపైతే చాలదట, నాలుగు రెట్లు కావాలట! అంటే మూడేళ్లు పోగుచేసినవాడు అదే వేగంతో ఇంకో తొమ్మిదేళ్లు కూర్చోవాలి. పదో వంతుకి తేవాలంటే వంద రెట్లు. ఇదేం లెక్కండీ? వడ్డీవ్యాపారి కూడా ఇంతలా పీల్చడు!

తప్పు నీది కాదు, గణాంకశాస్త్రానిది అంటారు మా గైడ్. ఆ శాస్త్రానికి ఉత్తరం రాస్తే ఎవరు చదువుతారు? అందుకే నిన్నే తిడుతున్నా.

పోనీ నిన్ను పెంచుదామా అంటే, అదో తలనొప్పి. ఒక్కో గుత్తిలో పదివేల కోట్లకు పైగా ప్రోటాన్లు కుక్కి, వెంట్రుకకన్నా సన్నగా నొక్కి ఎదురెదురుగా వదిలితే, గుత్తులు దాటిన ప్రతిసారీ ఒకేచోట పదుల కొద్దీ ఢీలు. డిటెక్టర్‌లో ఏ కణపు గీత ఏ ఢీలోంచి వచ్చిందో విడదీసేసరికి కళ్లు కాయలు కాస్తాయి. రాబోయే హై ల్యూమినాసిటీ యంత్రంలో ఆ సంఖ్య 140 దాటుతుందట. నువ్వు రాకపోతే ఏడుపు, వస్తే ఇంకో ఏడుపు.

ఇంత తిట్టాక ఓ మాట ఒప్పుకోవాలి. ఆ 18 శాతాన్ని జూమ్ చేసి, ప్రింట్ తీసి, పాత ప్లాట్ పక్కనే గోడకి అంటించాను. పోయేటప్పుడు ఇంకోసారి చూసుకున్నాను.

ఇట్లు,
ఇంకా మూడు రెట్ల డేటా బాకీ ఉన్న
మీ విద్యార్థి