సంయమనం మనకు, స్వీయ నియంత్రణ వాళ్లకు

‘ప్రజలు సంయమనం పాటించాలి’ అన్న ముక్క పత్రికలో కనబడితే చాలు, ఎక్కడో ఎవరికో అన్యాయం జరిగిందని అర్థం. ఈ మాట దెబ్బ కొట్టినవాడికి చెప్పగా నేను వినలేదు, తిన్నవాడికే చెబుతారు. పరిహారం అందని నిర్వాసితులు రోడ్డెక్కితే సంయమనం. ఆస్పత్రి గేటు ముందు శవంతో కూర్చున్న బంధువులకూ సంయమనమే.

పెద్ద పెద్ద కంపెనీలను అదుపు చేయాల్సి వస్తే మాత్రం మాట మారిపోతుంది: స్వీయ నియంత్రణ. నిజానికి రెండూ ‘యమ్’ అనే ఒకే ధాతువు నుంచి పుట్టాయి. అదుపు చేయడమని దాని అర్థం. నియమం, నియంత, చివరికి యముడు కూడా ఆ ఇంటివాళ్లే. అయితే వాడుకలో ఒకటి ఆజ్ఞ అయింది, రెండోది రాయితీ అయింది.

మనిషికి కోపం వస్తుంది, నోరు జారుతుంది, జిహ్వ చాపల్యం ఉంటుంది. కనుక నిగ్రహం కావాలి. మరి కంపెనీకి? లాభం కాస్త తగ్గించుకోమని లోపలి నుంచి హెచ్చరించే అంతరాత్మ దానికి ఎవరు, ఆడిటరా?

న్యూస్ ఛానళ్లు 2008లో తమను తాము అదుపు చేసుకునే ఏర్పాటు చేసుకున్నాయి. తప్పు చేస్తే జరిమానా లక్ష రూపాయలకు మించకూడదనుకున్నాయి. ఆ లక్ష ఏ మూలకని 2023 ఆగస్టులో సుప్రీంకోర్టే అడగాల్సి వచ్చింది.

అసలు నా మంట ఆన్‌లైన్ రమ్మీ ప్రకటనల మీద. 2025లో నిషేధం వచ్చేదాకా ఆ ప్రకటన మొత్తం తీరిగ్గా నడిచేది. సోఫాలో కూర్చున్న కుర్రాడు, చేతిలో ఫోను, తెర మీద లక్షల అంకెలు, పక్కన అభినందనలు. ఆఖర్లో ఒక గొంతు గుక్క తిప్పుకోకుండా పరుగెత్తేది: ఆర్థిక నష్టం ఉండవచ్చు, వ్యసనం కావచ్చు, బాధ్యతగా ఆడండి. ప్రకటనల రంగం 1985లో తనకు తానే పెట్టుకున్న స్వీయ నియంత్రణ మండలి ఈ హెచ్చరికను 2020 డిసెంబరు నుంచి తప్పనిసరి చేసింది. మామూలు వేగంతో చదవాలని కూడా చెప్పింది. ఆ వేగం మామూలైతే మన రైల్వే స్టేషన్ ప్రకటనలన్నీ తత్వాలు పాడినట్లే.

ఇందులోని తెలివి గమనించండి. ‘బాధ్యతగా’ అన్న ఒక్క మాటతో నేరం చేతులు మారింది. రాత్రి రెండింటికి కూడా ఇంకొక్క ఆట ఆడమని బోనస్ ఆశ చూపేవాడు వ్యాపారి. అప్పుల పాలైన కుర్రాడు నిగ్రహం లేనివాడు. ఇంటికొచ్చిన చుట్టాలు కూడా ‘వాడికి అదుపు లేదండీ’ అనే అంటారు. అదుపు తప్పేలా ఆ యాప్‌ను తయారుచేసిన వాళ్ల ఊసే రాదు.

తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో ఈ డబ్బు ఆటలను నిషేధించాయి. కేంద్రం మాత్రం 2023 ఏప్రిల్‌లో నియమాలు తెచ్చి, ఏ ఆటను అనుమతించాలో తేల్చే పనిని మళ్లీ స్వీయ నియంత్రణ సంస్థలకే అప్పగిస్తానంది. అలాంటి సంస్థ ఒక్కటీ గుర్తింపు దాకా రాలేదు. రెండేళ్లకు పైగా ఆట సాగింది.

2025 ఆగస్టులో పార్లమెంటు డబ్బు ఆటలను నిషేధిస్తూ చట్టం చేసింది. బిల్లు 20న లోక్‌సభ దాటింది, 21న రాజ్యసభ దాటింది, 22న రాష్ట్రపతి ఆమోదం పొందింది. ఆడించినవాడికి మూడేళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా. ప్రకటన చేస్తే రెండేళ్ల వరకు జైలు, 50 లక్షల వరకు జరిమానా. ఆడినవాడికి శిక్ష లేదు. ఇన్నాళ్లూ ‘బాధ్యతగా’ ఉండమన్నది అతణ్ణే.