సవరణ: కృష్ణశక్తి తగ్గుతోందని ఇంకా రుజువు కాలేదు

బెంగళూరు తెలుగు మిత్రుల కోసం గత వారం పెట్టిన టపాలో, కృష్ణశక్తి, అంటే విశ్వ విస్తరణ వేగాన్ని పెంచుతోందని భావించే డార్క్ ఎనర్జీ, కాలంతో పాటు తగ్గుతోందని గెలాక్సీల దూరాలు కొలిచే డెసి (DESI) సర్వే నిరూపించిందని, అది ఎప్పటికీ మారదని చెప్పే ఐన్‌స్టైన్ విశ్వ స్థిరాంకం ఇక చెల్లదని రాశాను. అది తప్పు, సూచన అనవలసిన చోట నిరూపణ అన్నాను.

2025 మార్చిలో ఆ బృందమే వెలువరించిన పత్రాల ప్రకారం, దాదాపు 1.5 కోట్ల గెలాక్సీలు, క్వేసార్ల (అతి దూరాన ప్రకాశించే గెలాక్సీ కేంద్రాల) కొలతలను తొలినాటి విశ్వం నుంచి మిగిలిన విశ్వ నేపథ్య వికిరణంతోనూ సూపర్‌నోవా (పేలే నక్షత్రాల) జాబితాలతోనూ కలిపి చూసినప్పుడు, మారే కృష్ణశక్తి వైపు కనిపించిన మొగ్గు 2.8 నుంచి 4.2 సిగ్మాల వరకే ఉంది. సిగ్మా అంటే ఫలితం కేవలం యాదృచ్ఛికం కాదనడానికి ఉన్న బలానికి కొలత; ఆవిష్కరణ అనడానికి 5 సిగ్మాలు కావాలి. ఇక్కడ ఖగోళశాస్త్రం చదువుతున్న ఒక తెలుగు విద్యార్థిని నేను పెట్టిన గ్రాఫునే ముద్రించి తెచ్చి, స్థిరాంకాన్ని సూచించే బిందువు దగ్గర పెన్సిలుతో చుక్క పెట్టి, మూడు సూపర్‌నోవా జాబితాల ఫలితాలను చూపే మూడు వలయాలూ దానికి వేర్వేరు దూరాల్లో ఉన్నాయని, అంటే ఏ జాబితా వాడామన్న దాన్ని బట్టి మొగ్గు మారుతోందని వేలితో చూపింది. నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైన విషయం అదే, నేను దాన్నే వదిలేశాను.

"తగ్గుతోంది" అన్న మాటను విస్తరణ నెమ్మదిస్తోందని కొందరు అర్థం చేసుకున్నారు. అలా కాదు. కృష్ణశక్తి పీడనానికీ సాంద్రతకూ గల నిష్పత్తి -1 దగ్గర నిలిచి ఉంటే అది స్థిరాంకం. కృష్ణశక్తి కాలంతో మారుతుందనే క్వింటెసెన్స్ నమూనాల్లో ఆ నిష్పత్తి -1 కంటే కాస్త ఎక్కువగా, కాలంతో మారుతూ ఉంటుంది. కృష్ణశక్తిదే పైచేయిగా ఉన్న విశ్వంలో అది -1/3 కంటే తక్కువగా ఉన్నంతవరకు విస్తరణ వేగం పెరుగుతూనే ఉంటుంది.

పాత టపాలో ఆ వాక్యాన్ని ఈ రోజు మార్చాను.