పచ్చ దీపం వారి దివ్య సముఖమునకు

మహారాజశ్రీ ఆటో కట్ బ్యాటరీ ఛార్జర్ గారికి, విశాఖపట్నం నుంచి ఒక హ్యామ్ రేడియో మనిషి (లైసెన్సు తీసుకుని సరదాకి రేడియోలో దూరాలవాళ్లతో మాట్లాడేవాడు) సవినయంగా విన్నవించుకునేది ఏమనగా,

నిన్న ఆదివారం ముడసర్లోవలో మా వనభోజనాలు తమరి దయవల్ల దివ్యంగా జరిగాయి. ఉసిరిచెట్టు కింద ఒక పక్క పులిహోర, ఒక పక్క నా రేడియో సెట్టు. పక్కనున్న చెట్టుకొమ్మకి తాడేసి యాంటెన్నా తీగ పైకి లాగి, పిల్లల్ని చుట్టూ కూర్చోబెట్టి, సిమ్ లేకుండా ఎక్కడెక్కడి వాళ్లతో మాట్లాడతానో చూడండర్రా అని మాటిచ్చాను. వినడానికి ఏ లోటూ లేదు. ఎవరో ఒకాయన నింపాదిగా సీక్యూ, అంటే 'ఎవరైనా ఉన్నారా, మాట్లాడండి' అని, పిలుస్తున్నాడు కూడా. మైకు బటన్ నొక్కాను. డిస్‌ప్లే ఒక్కసారి మినుక్కుమని సెట్టు ఆరిపోయింది. వదిలితే వెలుగుతుంది, నొక్కితే ఆరుతుంది. మా బావ అరిటాకు మడుస్తూ, "పోనీ ఫోన్ చేసి చెప్పెయ్ బావా ఆయనకి" అన్నాడు.

నా సెట్టుకి వినడానికి అర ఆంపియర్ చాలు. మాట్లాడాలంటే రెండున్నర లాగుతుంది. ఊరికే ఉన్నప్పుడు మీటర్లో దర్జాగా 12.8 వోల్టులు చూపించిన బ్యాటరీ, బటన్ మీద వేలు పడగానే 9కి కూలబడింది. శనివారం రాత్రంతా తమరి సన్నిధిలోనే ఉంది కదా అది! తెల్లారేసరికి తమరు పచ్చ దీపం వెలిగించి "ఫుల్" అని సెలవిచ్చారు కూడా.

తమర్ని నాకు కట్టబెట్టిన షాపాయన మాట ఇంకా చెవిలోనే ఉంది. "రాత్రి పెట్టేసి మర్చిపోండి సార్, నిండగానే అదే కట్టయిపోద్ది." ఏ బ్యాటరీకైనా ఇదేనా అంటే, అన్నిటికీ ఇదే అన్నాడు. బైకుకి, యూపీఎస్‌కి, నా 7 ఆంపియర్ అవర్ల సీల్డ్ లెడ్ యాసిడ్ బ్యాటరీకి, అడిగితే మా ఇంటి గోడ గడియారానికి కూడా.

అందుకే నిన్న సాయంత్రం ఇంటికొచ్చి, బ్యాటరీని మళ్లీ మీకు తగిలించి, ఈసారి మీటరు పట్టుకుని ఎదురుగా కూర్చున్నాను. 13.8. 14.2. 14.6 దగ్గర పచ్చ దీపం వెలిగింది. శుభం. ఇక కట్ అవుతారు కదా అని చూస్తున్నాను. 14.9. 15.2. 15.6. పచ్చగా నవ్వుతూనే ఉన్నారు, ఎక్కిస్తూనే ఉన్నారు. బ్యాటరీ పక్కన చెయ్యి పెడితే వేడి. ప్లాస్టిక్ డబ్బా నడుము దగ్గర ఉబ్బింది, గచ్చు మీద పెడితే కుదురుగా నిలబడటం లేదు.

అండీ, దీనికి పెద్ద చదువు అక్కర్లేదు. గాస్టన్ ప్లాంటే అనే ఫ్రెంచాయన 1859లో చేసిన బ్యాటరీ ఇది. దాన్ని ఎలా ఛార్జ్ చెయ్యాలో లోకానికి తెలిసి చాలా కాలమైంది. ఈ సైజు దానికి కరెంటు ముప్పావు ఆంపియర్ చుట్టుపక్కల ఉంటే హాయి. వోల్టేజీ 14.4 దాకా ఎక్కాక ఇక అక్కడే పట్టుకుని ఆగాలి. బ్యాటరీ నిండేకొద్దీ కరెంటు దానంతటదే పడిపోతుంది. బాగా పడ్డాక 13.6కి దిగి కూర్చుంటే, అలా ఎన్ని రోజులున్నా ఇబ్బంది లేదు. మన ఎండాకాలంలో గది పది డిగ్రీలు ఎక్కువ వేడెక్కితే పావు వోల్టు దాకా తగ్గించాలి కూడా. సరే, అంత మర్యాద మీ దగ్గర ఎవరూ ఆశించలేదు. ఆగమన్న చోట ఆగితే చాలనుకున్నాం. మీరేమో వద్దు వద్దని చెయ్యి అడ్డం పెట్టినా విస్తట్లో వడ్డించే పెద్దమ్మ లెక్క! నిండిన బ్యాటరీలోకి ఇంకా తోస్తే ఆ కరెంటు లోపలి నీటిని హైడ్రోజన్, ఆక్సిజన్ కింద విడగొడుతుంది. సీల్డ్ బ్యాటరీలో మళ్లీ డిస్టిల్డ్ వాటర్ పొయ్యడానికి లేదు. పోయిన నీళ్లు పోయినట్టే. ఇన్నాళ్లూ రాత్రి రాత్రీ మీరు చేసిన సేవ ఇదన్నమాట, లోపల ఎండబెట్టడం.

మీ క్లిప్పుల సంగతి క్లుప్తంగా: ఈ సముద్రపు గాలికి తుప్పు పట్టి, పట్టుకోవాల్సిన చోట పట్టుకోవు. మీ వైరు చూస్తే చెవి రింగుకి చాలదు. ఫ్యూజు లేదు. పొరపాటున రెండు క్లిప్పులూ తగిలితే ఇంత చిన్న బ్యాటరీ కూడా వంద ఆంపియర్లకు పైనే కక్కుతుందని మీకు ఎవరూ చెప్పినట్టు లేదు.

ఇంతలో మా అమ్మ లోపలినుంచి, "ఏట్రా ఈ కంపు? కార్తీకమాసంలో ఇంట్లోకి గుడ్లు ఎవలు తెచ్చారు?" అంది. కుళ్లిన గుడ్ల వాసన. హైడ్రోజన్‌కి వాసన ఉండదు. ఇది హైడ్రోజన్ సల్ఫైడ్, లెడ్ యాసిడ్ బ్యాటరీ మితిమీరి ఉడికినప్పుడు వచ్చేది. కంపు ఎక్కడిదో చూద్దామని ఆవిడ వరండాలోకి వచ్చింది. తులసికుండీ అక్కడే, బ్యాటరీ అక్కడే. ఆవిడ చేతిలో వెలిగించిన ప్రమిద.

గాలిలో 4 శాతం హైడ్రోజన్ చేరితే చాలు, నిప్పు తగిలితే అంటుకుంటుంది. ఉబ్బిన బ్యాటరీ మూతల దగ్గర ఎంత శాతం ఉందో కొలిచే పరికరం నా దగ్గర లేదు. "అమ్మా, అక్కడే ఆగు" అని అరిచి, గోడ దగ్గర స్విచ్చి ఆపాను. నీ క్లిప్పు ముందు పీకలేదు, అక్కడ చిన్న నిప్పురవ్వ లేచినా అంతే. ఇక తమరు లేదు, మీరు లేదు. నువ్వు అంటున్నాను. నీ వల్ల మా అమ్మ మొహం మీద యాసిడ్ పడి ఉండేది. తెలుస్తోందా? నీ ఒంటి మీద ఎర్రక్షరాలతో "ఆటో కట్, సేఫ్" అని అచ్చేసినవాడికి తెలుస్తోందా?

రాత్రి నీ మూత విప్పాను. ఒక ట్రాన్స్‌ఫార్మర్, నాలుగు డయోడ్లు, ఒక జెనర్ (వోల్టేజీ ఒక గీత దాటితేనే కరెంటు వదిలే డయోడ్), రెండు రెసిస్టర్లు, ఒక పచ్చ ఎల్‌ఈడీ. అంతే. కట్ చెయ్యడానికి రిలే, అంటే కరెంటుతో పనిచేసే స్విచ్చి, లేదు, ట్రాన్సిస్టర్ లేదు. ఎంత వెతికినా ఏమీ లేదు. వోల్టేజీ ఒక గీత దాటితే దీపం వెలుగుతుంది, దానికీ ఛార్జింగ్‌కీ చుట్టరికమే లేదు. అంటే నువ్వు చెడిపోయిన ఛార్జర్‌వి కూడా కాదు. పుట్టుకతోనే ఇంతే.

మాలాంటి వాళ్లు రెండు కిలోల పైన బరువుండే సీసం బ్యాటరీ ఇంట్లో ఎందుకు పెట్టుకుంటారో ఈ ఊరికి చెప్పాలా? 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చి వెళ్లాక కరెంటు లేదు, ఫోన్లు మూగబోయాయి, సిగ్నల్ కోసం జనం మేడలెక్కి తిరిగారు. అలాంటి రోజున బటన్ నొక్కితే ఆరిపోయే సెట్టు ఎవడిక్కావాలి?

బ్యాటరీని పాత బ్యాటరీలు తీసుకునే కొట్లో ఇచ్చేస్తాను. దాని తప్పేం లేదు పాపం, పెట్టినంతా తింది. నీ ట్రాన్స్‌ఫార్మర్ పనికొస్తుంది. దానికి మంచి రెగ్యులేటర్, రిలే, ఫ్యూజు, ఒక చిన్న వోల్ట్ మీటరు పెట్టుకుంటాను. పచ్చ దీపాన్ని మాత్రం పీకి మేనల్లుడి స్కూలు ప్రాజెక్టుకిచ్చాను. అట్టముక్కల మద్దిలపాలెం జంక్షన్‌లో సిగ్నల్ అయింది. అక్కడ వెలిగినా ఆరినా ఎవరూ పట్టించుకోరు.

ఇట్లు,
నీకు 73 (హ్యాములు వీడ్కోలప్పుడు చెప్పే శుభాకాంక్షలు) చెప్పని ఒక హ్యామ్