ముల్లంగి ముక్కు

మా తమ్ముడు ఇటలీ వెళ్లి, క్రెమోనా మ్యూజియంలో ఉన్న ఒక పాత చిత్రం ప్రింటు తెచ్చాడు. నల్లటి గిన్నె నిండా కూరగాయలు. అందులో ఏముందీ అనుకుంటాం. తలకిందులు చేస్తే మనిషి! గిన్నె టోపీ అవుతుంది, ఉల్లిపాయ బుగ్గవుతుంది, పుట్టగొడుగులు పెదాలు, ముల్లంగిలాంటి పొడుగాటి దుంప ముక్కు. నాలుగు వందల ఏళ్లకు ముందే మిలాన్‌కు చెందిన జుసెప్పె ఆర్చింబోల్దో వేసిన బొమ్మ.

ఫ్రేము కట్టే అతనితో, "రింగు పైనా వెయ్యి, కిందా వెయ్యి" అన్నాను. అతను నన్నూ బొమ్మనూ మార్చి మార్చి చూసి, "డబ్బు ముందే ఇచ్చెయ్యండి సార్" అన్నాడు.

భోజనాల బల్ల ఎదురుగా తగిలించాం. నాకేమో మనిషి కావాలి, మా ఆవిడకు గిన్నె కావాలి. "అన్నం తినేచోట ఆ దిష్టిబొమ్మ మొహమేంటండీ!" నేను ఆఫీసుకెళ్లేటప్పుడు మనిషి, వచ్చేసరికి గిన్నె.

ఆదివారం మా ఆవిడ పెదనాన్నగారు భోజనానికొచ్చారు. ఆయన ముక్కు గురించి నోరు జారకూడదని పెళ్లినాడే నాకు చెప్పి ఉంచారు. అందుకే ఎవరూ అడక్కుండానే బొమ్మను గిన్నెవైపు తిప్పి పెట్టాను. మా చిన్నదానికి ఈ జాగ్రత్తలు ఎవరు చెప్పారు?

"తాతయ్యా, అది తిప్పితే మీరే!" అంటూ కుర్చీ ఎక్కి తిప్పేసింది.

మా ఆవిడ చేతిలో సాంబారు గరిటె గాల్లోనే ఆగిపోయింది. నాకు టెన్షన్ వస్తే చరిత్ర తన్నుకొస్తుంది.

"మావయ్యగారూ, ఇది గౌరవమండీ! ఈ బొమ్మ వేసినాయన రెండో రుడాల్ఫ్ చక్రవర్తినే పళ్లూ కూరగాయలతో, రుతువుల దేవుడిలా వేశాడు. యాపిల్, పీచ్ పండు బుగ్గలు, బఠానీ కాయలు కనురెప్పలు, చెవి దగ్గర మొక్కజొన్న కంకి! చక్రవర్తి కోప్పడలేదు సరికదా, 1592లో ఆయనకు బిరుదు కూడా ఇచ్చాడు."

పెదనాన్నగారు నింపాదిగా మంచినీళ్లు తాగారు.

"ఆ చక్రవర్తికి ముక్కేం పెట్టాడు?"

"బేరిపండండీ."

"ఊఁ. ఆయనకి బేరిపండు. నాకు ముల్లంగి."

ఆ రోజు సాంబారు కూడా ముల్లంగిదే. ఆయన మారుమాట్లాడకుండా ఒక్కొక్క ముక్కే ఏరి కంచం అంచున పేర్చడం మొదలెట్టారు. మా చిన్నది కుర్చీ దిగి, దగ్గరకెళ్లి, కంచంలోకి తొంగిచూసింది.

"తాతయ్యా, ఉల్లిపాయలు కూడా పెట్టండి. బుగ్గలొస్తాయి."